సొంత ఆర్‌పీజీ రాయాలంటే ఎవరి రూల్స్ మీద కట్టాలి? డీ అండ్ డీ, పాత్‌ఫైండర్, బీఆర్‌పీ, ట్రావెలర్ లైసెన్సుల పోలిక

వారాంతంలో నలుగురు స్నేహితులతో కూర్చుని ఆర్‌పీజీ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రై, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట) ఆడుకోవడమే మీకు కావాల్సిందైతే ఈ గోలంతా అక్కర్లేదు. నచ్చిన రూల్‌బుక్ కొనుక్కోండి, పాచికలు తెచ్చుకోండి, ఆడుకోండి. మీ హాల్లో మీరేం ఆడుతున్నారని ఏ కంపెనీ లాయరూ వచ్చి అడగడు. మీ టేబుల్ వరకు రూల్స్‌ని తెలుగులో రాసి పెట్టుకున్నా ఎవరికీ ఇబ్బంది లేదు.

బయటికి వదిలినప్పుడే లెక్క మారుతుంది. రూల్‌బుక్‌ని తెలుగు చేసి పీడీఎఫ్ పెడదామనుకున్నా, మీరు రాసిన సాహసకథను వంద రూపాయలకు అమ్ముదామనుకున్నా, ఆ ఆట ఎవరిది, వాళ్లు దేనికి ఒప్పుకున్నారు అనే ప్రశ్న వస్తుంది. "ఉచితంగానే ఇస్తున్నాం కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు. మన 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం అనువాదం చేసే హక్కు కూడా రచయితదే. డబ్బు తీసుకున్నారా లేదా అన్నది తర్వాతి సంగతి.

ఆటలో ఏది సొంతం, ఏది కాదు అన్నది కూడా ముందే తేల్చుకుంటే మంచిది. ఇరవై ముఖాల పాచిక వేసి, బలం కలిపి, ఒక అంకె దాటితే దెబ్బ తగిలినట్టు అనే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1879లోనే, ఖాతా పుస్తకాలు రాసే ఒక విధానం మీద వచ్చిన కేసులో, విధానానికి కాపీరైట్ లేదని, దాన్ని వివరించిన రాతకే ఉంటుందని తేల్చింది. మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఆలోచనకు కాపీరైట్ ఉండదని చెప్పింది. కాబట్టి గుండె ధైర్యం ఉంటే ఏ ఆట పద్ధతినైనా పూర్తిగా మీ మాటల్లో రాసుకోవచ్చు. కాకపోతే పద్ధతి ఎక్కడ అయిపోయి రాత ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపడం కష్టం. మూడు వందల మంత్రాలున్న పుస్తకంలో ఆ గీత వెతుక్కోవడం మహా తలనొప్పి. ఆ టెన్షన్ లేకుండా, ఉన్న వాక్యాలనే వాడుకునే అనుమతి ఇచ్చేదే లైసెన్సు.

లైసెన్సులు చాలా ఉన్నాయి. వాటిలో ఏది ఎంచుకోవాలన్నదానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. ఈ రోజు ఇచ్చిన అనుమతిని రేపు వచ్చే యజమాని వెనక్కి తీసుకోగలడా? ఆట ఎంత బాగుంది, ఇప్పటి కంపెనీ ఎంత మంచిది అన్నవి దీని తర్వాతే చూస్తాను. పాత ఆటల చరిత్ర చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్: చేతులు మారిన ఆట

1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ పేర్లతో ఈ ఆట వచ్చింది. అచ్చువేసింది అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లోని టీఎస్ఆర్ కంపెనీ. 1979లో ఆర్నెసన్ రాయల్టీల కోసం టీఎస్ఆర్ మీద కోర్టుకెక్కాడు. 1981లో రాజీ కుదిరింది. 1985 వచ్చేసరికి గైగాక్స్ తను పెట్టిన కంపెనీ మీదే పట్టు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన వేరే చోట కొత్త ఆట రాస్తే, దాన్ని అచ్చువేసిన జీడీడబ్ల్యూ మీద 1992లో టీఎస్ఆర్ దావా వేసింది. చివరికి రాజీలో ఆ కొత్త ఆట హక్కులు కూడా టీఎస్ఆర్ చేతికే పోయాయి. సృష్టికర్తకే ఇలా జరిగిందంటే మన సంగతి చెప్పాలా?

1997 నాటికి టీఎస్ఆర్ అప్పుల్లో మునిగింది. మ్యాజిక్: ద గ్యాదరింగ్ కార్డుల మీద బాగా సంపాదించిన విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ దాన్ని కొనేసింది. 1999లో విజార్డ్స్‌ని బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొన్నది. ఇల్లు అదే, ఓనర్లు మాత్రం మారుతూ వచ్చారు. అద్దెకుండేవాడికి ఓనరు మంచితనం కంటే అగ్రిమెంటు కాగితమే దిక్కు.

ఆ కాగితం పేరు ఓపెన్ గేమ్ లైసెన్స్. అందరూ ఓజీఎల్ అంటారు. 2000లో డీ అండ్ డీ మూడో ఎడిషన్‌తోపాటు వచ్చింది. ఆటలోని ముఖ్యమైన రూల్స్‌ని ఎస్‌ఆర్‌డీ అనే పత్రంగా విడిగా తీసి, షరతులు పాటిస్తే ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు అన్నారు. అప్పట్లో విజార్డ్స్‌లో ఉన్న రయన్ డాన్సీ దీనికి పెద్ద ప్రచారకుడు. రూల్స్ అందరికీ వదిలేస్తే అందరూ డీ అండ్ డీ కోసమే రాస్తారు, పుస్తకాలు ఇంకా అమ్ముడవుతాయి అన్నది ఆయన లెక్క. లెక్క తప్పలేదు. ఓజీఎల్‌లో "ఉత్పన్న రచన" అన్నచోట అనువాదాలను కూడా పేరుపెట్టి చేర్చారు, అంటే తెలుగుకి అప్పుడే దారి ఉంది. 2009లో పైజో అనే కంపెనీ ఇదే లైసెన్సు మీద పాత్‌ఫైండర్ ఆటను కట్టుకుని, డీ అండ్ డీకే పోటీగా నిలబడింది.

ఇరవై మూడేళ్లు అంతా సాఫీగానే సాగింది. 2023 జనవరి మొదటి వారంలో కొత్త ఓజీఎల్ 1.1 ముసాయిదా పత్రికలకు లీకైంది. ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద 25 శాతం వరకు రాయల్టీ కట్టాలట. యాభై వేల డాలర్లు దాటితే లెక్కలు చూపాలట. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఏమిటంటే పాత లైసెన్సు ఇక "అధీకృతం" కాదట.

అది ఎలా సాధ్యమని అందరూ పాత కాగితం తీసి మళ్లీ చదివారు. అందులో "శాశ్వతం" అని ఉంది, "ప్రపంచమంతటా" అని ఉంది, "రాయల్టీ లేకుండా" అని ఉంది. "ఉపసంహరించరానిది" అని మాత్రం లేదు. పైగా 9వ సెక్షన్, ఈ లైసెన్సు "అధీకృత" రూపాల్లో దేన్నైనా వాడుకోవచ్చు అంటుంది. అధీకృతం కాదని మేం ప్రకటిస్తే సరిపోతుంది కదా అన్నది కంపెనీ వాదన. మేం మార్చినా పాత రూపం వాడుకుంటూనే ఉండొచ్చని ఇదే కంపెనీ ఒకప్పుడు తన సైట్లోని ప్రశ్నలు-జవాబుల్లో రాసుకుంది. తమాషా ఏమిటంటే, లీకైన ముసాయిదాలో "ఉపసంహరించరాని" అన్న మాట ఉంది. ఎక్కడ? మీరు రాసిన దాన్ని విజార్డ్స్ ఎలాగైనా వాడుకోవడానికి మీరిచ్చే అనుమతి దగ్గర!

గొడవ పెద్దదైంది. తర్వాతి ముసాయిదా మీద కంపెనీయే అభిప్రాయాలు అడిగితే పదిహేను వేల మందికి పైగా రాశారు. వాళ్లలో 88 శాతం ఆ లైసెన్సు కింద ఏమీ ప్రచురించబోమన్నారు. జనవరి 27న విజార్డ్స్ వెనక్కి తగ్గింది. పాత ఓజీఎల్ (1.0ఏ) జోలికి పోమని చెప్పి, ఐదో ఎడిషన్ ఎస్‌ఆర్‌డీ 5.1ని పేరు వేస్తే చాలు ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ బై 4.0 లైసెన్సు కింద పెట్టేసింది. 2025 ఏప్రిల్‌లో, 2024 నాటి కొత్త రూల్స్‌తో ఎస్‌ఆర్‌డీ 5.2 కూడా అదే లైసెన్సు కింద వచ్చింది.

ఇప్పుడు డీ అండ్ డీ మీద కట్టొచ్చా?

కట్టొచ్చు, నిశ్చింతగా. క్రియేటివ్ కామన్స్ 4.0 కాగితంలో "ఉపసంహరించరాని" అనే మాట స్పష్టంగా ఉంది. దాన్ని రాసింది ఆట కంపెనీ కాదు, కొత్త రూపం తెచ్చి పాతదాన్ని చెల్లదనే వీలు ఆ కంపెనీకి లేదు. రేపు హాస్‌బ్రో ఎవరికైనా అమ్మేసినా ఈ అనుమతి పోదు. షరతు తప్పితే పోతుంది గానీ, సంగతి తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే దానంతట అదే తిరిగొస్తుంది. షరతు కూడా పెద్దదేం కాదు. ఎస్‌ఆర్‌డీలోనే ఇచ్చిన రెండు మూడు వాక్యాల గుర్తింపు ప్రకటన మీ పుస్తకంలో వేయాలి. దాన్ని తెలుగు చేసి వేసినా, ఇంగ్లీషు మూలం కూడా పక్కన ఉంచండి. అనువాదం, మార్పులు, అమ్మకం అన్నీ చేసుకోవచ్చు. ఎస్‌ఆర్‌డీ 5.1ని ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లో విజార్డ్స్ తనే విడుదల చేసింది. తెలుగుకి అలాంటిది లేదు, ఎవరైనా చేయొచ్చు.

అయితే మీకు దొరికేది ఆట మొత్తం కాదు, అస్థిపంజరం. 5.1లో ఒక్కో క్లాసుకి (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్ర రకానికి) ఒక్క ఉపశాఖే ఉంటుంది. నేపథ్యాల్లో ఎకోలైట్ ఒక్కటే, ఫీట్లలో (పాత్రకి వచ్చే ప్రత్యేక నేర్పుల్లో) గ్రాప్లర్ ఒక్కటే. మంత్రాల పేర్లలో మాంత్రికుల పేర్లు ఎగిరిపోతాయి. అసలు పుస్తకంలో "టాషాస్ హిడియస్ లాఫ్టర్" అని ఉన్నది ఇక్కడ "హిడియస్ లాఫ్టర్" మాత్రమే. "మెల్ఫ్స్ యాసిడ్ ఏరో" కాస్తా "యాసిడ్ ఏరో". తెలుగు చేసేవాళ్లకి ఇది ఒకరకంగా మేలే, ఎవరీ టాషా అని పాఠకుడికి వివరించే బాధ తప్పుతుంది. ఫర్గాటెన్ రెల్మ్స్ లోకం, అందులోని ఊళ్లు, మనుషులు దీంట్లో ఉండరు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ట్రేడ్‌మార్కు మీది కాదు. "ఫిఫ్త్ ఎడిషన్‌కు సరిపోతుంది" అని మాత్రం అట్ట మీద వేసుకోవచ్చు, ఆ మాట ఎస్‌ఆర్‌డీలోనే రాసి ఉంది.

5.1 తీసుకోవాలా 5.2 తీసుకోవాలా? కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే 5.2 వైపు వెళ్లండి, కొత్త పుస్తకాలు కొనేవాళ్లు చూసేది అదే. మీ గుంపు దగ్గర 2014 పుస్తకాలే ఉంటే 5.1 సరిపోతుంది. లైసెన్సు విషయంలో రెండూ ఒకటే.

పాత్‌ఫైండర్, ఓఆర్‌సీ

2023 గొడవ తర్వాత పైజో ఇంకొకరి కాగితం మీద బతకడం మానేసింది. ఓఆర్‌సీ అనే కొత్త లైసెన్సు రాయించింది. దాన్ని తన పేరు మీద పెట్టుకోకుండా అజోరా లా అనే న్యాయవాద సంస్థకు అప్పగించింది. వెనక్కి తీసుకోలేనిదని అందులో స్పష్టంగా ఉంది. నా కొలతకి ఇది నెగ్గినట్టే. అదే ఏడాది నవంబరు నుంచి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ పుస్తకాలను తిరగరాసి దీని కింద తెచ్చారు. డీ అండ్ డీ వాసన తగిలే చాలా సంగతులు ఆ తిరగరాతలో పోయాయి. మంచి-చెడు అలైన్‌మెంట్లు పోయాయి, రంగురంగుల డ్రాగన్ల బదులు వేరే డ్రాగన్లు వచ్చాయి.

ఓఆర్‌సీలో ఒక మెలిక ఉంది, సంతకం లేని ఒప్పందమే కదా అని చదవకుండా దిగేవాళ్లకి చెబుతున్నాను. దీని కింద మీరు ప్రచురిస్తే మీరు కొత్తగా కలిపిన రూల్స్ కూడా అందరివీ అయిపోతాయి. పాత్రల పేర్లు, కథ, బొమ్మలు, లోకం మీవిగానే ఉంటాయి. పది మంది పెంచిన తోట అందరిదీ కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చుతుంది. కొత్త రూల్స్ కనిపెట్టి వాటినే అమ్ముకుందాం అనుకుంటే క్రియేటివ్ కామన్స్ బై మీకు మేలు, దాంట్లో మీరు చేర్చింది ఎవరికీ ఇవ్వనక్కర్లేదు.

అనువాదానికి పాత్‌ఫైండర్ కొంచెం ఇబ్బందే. ఓఆర్‌సీ రూల్స్ వరకే వర్తిస్తుంది. పుస్తకంలో ఆ ఆట కథలు జరిగే గోలారియన్ లోకం సంగతులు రూల్స్‌తో కలిసిపోయి ఉంటాయి, ఏరి పక్కన పెట్టాలి. రూల్స్ కూడా ఎక్కువ. ఆడేవాళ్లకి మాత్రం దీనంత ఉదారమైన పెద్ద ఆట ఇంకొకటి లేదు. రూల్స్ మొత్తం ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్లో, పైజో అనుమతితోనే, ఉచితంగా చదువుకోవచ్చు.

బీఆర్‌పీ: నాకు నచ్చింది ఇదే

రూన్‌క్వెస్ట్ కథ వింటే పేరు వేరు, రూల్స్ వేరు అన్న సంగతి బాగా అర్థమవుతుంది. 1978లో కేయాసియం కంపెనీ దీన్ని తెచ్చింది. లోకం గ్రెగ్ స్టాఫర్డ్‌ది, రూల్స్‌లో ప్రధాన హస్తం స్టీవ్ పెరిన్‌ది. 1984లో ఆట పేరు అవలాన్ హిల్‌కు వెళ్లింది. 1998లో అవలాన్ హిల్‌ని హాస్‌బ్రో కొన్నది. తర్వాత పేరు తిరిగి స్టాఫర్డ్ వైపుకు వచ్చింది. 2006లో ఇంగ్లండ్‌కు చెందిన మంగూస్ పబ్లిషింగ్ లైసెన్సు తీసుకుని కొత్త ఎడిషన్ వేసింది, దాని ఎస్‌ఆర్‌డీని ఓజీఎల్ కింద వదిలింది. కొన్నేళ్లకు పేరు వాడుకునే హక్కు పోయింది. మరి రూల్స్? మంగూస్ వాటినే 2011లో లెజెండ్ అనే పేరుతో మళ్లీ వేసుకుంది. ఓపెన్‌క్వెస్ట్ లాంటివి ఆ ఎస్‌ఆర్‌డీ నుంచే పుట్టాయి. 2012లో రూన్‌క్వెస్ట్ ఆరో ఎడిషన్ వేసిన డిజైన్ మెకానిజం వాళ్లు కూడా, పేరు పోయాక, 2016లో అదే ఆటను మిత్రాస్‌గా తెచ్చుకున్నారు. 2018లో రూన్‌క్వెస్ట్ పేరుతో కేయాసియం తనే కొత్త ఎడిషన్ వేసింది.

ఈ కుటుంబం మొత్తానికి అడుగున ఉన్న రూల్సే బేసిక్ రోల్‌ప్లేయింగ్, బీఆర్‌పీ. 1981లో వచ్చిన భయానక కథల ఆట కాల్ ఆఫ్ థూలూ కూడా దీని మీదే నడుస్తుంది. 2020లో కేయాసియం దీనికి తన సొంత లైసెన్సు ఒకటి ఇచ్చింది. అందులోని నిషేధాల జాబితా చూసి చాలామంది నొసలు ముడిచారు. థూలూని సృష్టించిన రచయిత లవ్‌క్రాఫ్ట్ చనిపోయింది 1937లో. అయినా థూలూ కథల జోలికి, కాపీరైట్ పోయినవాటితో సహా, వెళ్లకూడదన్నారు. ఆర్థర్ రాజు కథలు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి! అప్పుడు అడిగి ఉంటే వద్దనే చెప్పేవాణ్ని. 2023లో కొత్త పుస్తకంతో బీఆర్‌పీని ఓఆర్‌సీ కిందకు తెచ్చాక నా మాట మారింది.

తెలుగు నేల మీద కథ నడపాలనుకునేవాళ్లకి నేను బీఆర్‌పీ ఎందుకు చెబుతానంటే, దీంట్లో క్లాసులు లేవు. ఓరుగల్లు కోట చుట్టూ కథ రాద్దామని కూర్చుంటే డీ అండ్ డీలో పాలడిన్‌ని, క్లెరిక్‌ని, వార్లాక్‌ని ఏం చేయాలో తెలియక మొదటి వారం గడిచిపోతుంది. బీఆర్‌పీలో పాత్రకి ఉండేవి నైపుణ్యాలు, వాటి పక్కన శాతాలు. గుర్రపు స్వారీ 45 శాతం అనుకోండి. రెండు పది ముఖాల పాచికలు వేస్తారు, ఒకటి పదుల స్థానానికి, ఇంకొకటి ఒకట్ల స్థానానికి. 45 గానీ అంతకంటే తక్కువ గానీ పడితే గెలిచినట్టు. ప్రమాదంలో ఉండి గెలిస్తే ఆ నైపుణ్యం పక్కన టిక్కు పెడతారు. కథ ముగిశాక ఆ టిక్కుకి మళ్లీ పాచిక వేస్తారు, ఈసారి ఇప్పుడున్న శాతం కంటే ఎక్కువ పడితేనే నైపుణ్యం పెరుగుతుంది. అంటే 45 ఉన్నవాడికి నేర్చుకునే అవకాశం సగం పైనే, 90 ఉన్నవాడికి పదో వంతు. కొత్తవాడు త్వరగా నేర్చుకుంటాడు, ఆరితేరినవాడికి కొత్తగా తెలిసేది తక్కువ. ఎవరికీ విడిగా వివరించనక్కర్లేదు, పదో తరగతి పిల్లాడికి కూడా శాతాలు తెలుసు.

రూన్‌క్వెస్ట్ కథలు జరిగే గ్లోరాంథా లోకం, కాల్ ఆఫ్ థూలూ పేరు, ఆర్థర్ రాజు కథల ఆట పెండ్రాగన్ మీకు రావు. రాకపోతే మనకేం నష్టం? లోకం మనమే రాసుకుంటున్నాం.

ట్రావెలర్, అంతరిక్ష కథలు

అంతరిక్ష కథలకు ఇప్పటికీ అందరూ చెప్పే ఆట ట్రావెలర్. 1977లో మార్క్ మిల్లర్ రాశాడు, అచ్చువేసింది పైన చెప్పిన జీడీడబ్ల్యూయే. 1996లో జీడీడబ్ల్యూ మూతపడ్డాక హక్కులు మిల్లర్ దగ్గరికే చేరాయి. 2008 నుంచి మంగూస్ లైసెన్సు మీద వేస్తూ వచ్చి, ఈ మధ్య ఆటనే ఆయన దగ్గర కొనేసింది. అయితే మంగూస్ తన మొదటి ఎడిషన్‌కి ఓజీఎల్ ఎస్‌ఆర్‌డీ ఇచ్చింది. రెండో ఎడిషన్ అలా రాలేదు. ఆ పాత ఎస్‌ఆర్‌డీ మీద 2016లో సెఫియస్ ఇంజిన్ అనే ఆట పుట్టింది. రెండు ఆరు ముఖాల పాచికలు వేసి 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గెలుపు అనే అదే పద్ధతి, ట్రావెలర్ పేరూ ఇంపీరియం లోకమూ లేకుండా. మీ సొంత అంతరిక్షానికి సెఫియస్ చాలు. ఓజీఎల్ మీదే ఉంది కాబట్టి "ఉపసంహరణ" అన్న ఆ పాత అనుమానం దీన్ని పూర్తిగా వదల్లేదు, అది మనసులో పెట్టుకోండి. ఓజీఎల్ పుస్తకం అచ్చువేసేటప్పుడు 15వ సెక్షన్‌లో పై తరాల కాపీరైట్ వరసంతా పొల్లు పోకుండా ఎక్కించాలి, చాలామంది తప్పు చేసేది అక్కడే.

పాత డీ అండ్ డీ రుచి కావాలంటే

1970లు, 80ల నాటి డీ అండ్ డీని మళ్లీ రాసిన ఆటలు డజన్లకొద్దీ ఉన్నాయి. 2006 నాటి ఓఎస్‌ఆర్‌ఐసీ నుంచి 2019 నాటి ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ వరకు దాదాపు అన్నీ ఓజీఎల్ మీద పుట్టినవే. తెలుగు అనువాదానికి వీటిలో ఒక్కటి చెప్పమంటే బేసిక్ ఫాంటసీ అంటాను. 2023లో నాలుగో ఎడిషన్‌తో ఓజీఎల్ వదిలేసి క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏకి మారింది. పీడీఎఫ్ ఉచితం, అచ్చు పుస్తకం దాదాపు అచ్చు ఖర్చుకే ఇస్తారు. పుస్తకం పెద్దది కాదు, రూల్స్ నిదానంగా, మొదటిసారి ఆడేవాళ్లకి అర్థమయ్యేట్టు ఉంటాయి. బై-ఎస్‌ఏ అంటే మీ తెలుగు అనువాదాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. మీరు ఆరు నెలలు కష్టపడి తెలుగు చేసినదాన్ని ఇంకొకరు, మీ పేరు వేసి, అచ్చు కొట్టి అమ్ముకోవచ్చు. అది మింగుడు పడితేనే దిగండి. పడకపోతే ఎస్‌ఆర్‌డీ 5.1 ఉండనే ఉంది.

తలుపులు మూసి ఉన్నవి

వాంపైర్: ద మాస్కరేడ్ 1991లో వైట్ వోల్ఫ్ వేసింది. 2006లో ఆ సంస్థ ఐస్‌లాండ్ కంప్యూటర్ గేమ్ కంపెనీ సీసీపీలో కలిసింది, 2015లో స్వీడన్‌కు చెందిన పారడాక్స్ చేతికి వచ్చింది. స్వేచ్ఛా లైసెన్సు లేదు. స్టీవ్ జాక్సన్ గేమ్స్ వారి గర్ప్స్ 1986 నుంచి ఒకే ఇంట్లో ఉంది, అదీ తెరవలేదు.

తెరవని ఆటలకి, లోకాలకి ఒక సందు ఉంది. డీ అండ్ డీకి డీఎమ్స్ గిల్డ్, వాంపైర్‌కి స్టోరీటెల్లర్స్ వాల్ట్, కాల్ ఆఫ్ థూలూకి మిస్కటానిక్ రిపోజిటరీ లాంటి అంగళ్లలో కంపెనీ లోకాన్నీ పాత్రల పేర్లనూ వాడుకుని రాసి అమ్మొచ్చు. డీఎమ్స్ గిల్డ్‌లో అమ్మిన ధరలో రాసినవారికి సగం వస్తుంది. అక్కడ పెట్టింది మరోచోట అమ్మకూడదు. అంగడి మూసేస్తే మీ రచనలోని వాళ్ల లోకాన్ని పట్టుకుని మీరు బయటికి రాలేరు. నా కొలత ప్రకారం ఇది చివరి వరసలో నిలుస్తుంది. పేరు తెచ్చుకోవడానికి ఒక చిన్న కథ పెట్టి చూడండి, మీ జీవితకాలపు లోకాన్ని మాత్రం అక్కడ పెట్టకండి.

సినిమా, నవల లోకాల ఆటలైతే అసలు వద్దు. స్టార్ వార్స్ ఆర్‌పీజీని 1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ వేసింది. ఆ తర్వాత అది విజార్డ్స్‌కి, అక్కణ్నుంచి ఫాంటసీ ఫ్లైట్‌కి పోయింది. చేతులు మారిన ప్రతిసారీ పాత పుస్తకాలు ఆగిపోయాయి, రూల్స్ కూడా వేరైపోయాయి.

మీ ఆటను ఎవరైనా అడిగితే

ఇంతవరకు ఇంకొకరి ఆటను తీసుకోవడం గురించి. మీరు రాసినది బాగుంటే ఎవరో ఒకరు హక్కులు రాసిమ్మంటారు. అప్పుడు స్టీవ్ జాక్సన్ కథ గుర్తు చేసుకోండి. ఆయన 1977లో మెటాగేమింగ్ అనే కంపెనీ కోసం మెలీ అనే చిన్న ఆట రాశాడు. అదే పెరిగి ద ఫాంటసీ ట్రిప్ అయింది. 1980లో ఆయన బయటికొచ్చేశాడు, 1983లో మెటాగేమింగ్ మూతపడింది. ఆట మాత్రం ఎవరికీ అందకుండా అలాగే ఉండిపోయింది. అమెరికా చట్టంలో రచయిత రాసిచ్చిన హక్కుని 35 ఏళ్ల తర్వాత రద్దు చేసుకునే వీలుంది. దాన్ని వాడుకుని 2017 చివర్లో ఆయన తన ఆటను తను వెనక్కి తెచ్చుకున్నాడు, 2019లో మళ్లీ అచ్చువేశాడు.

మన చట్టంలో ఆ 35 ఏళ్ల దారి లేదు. దానికి బదులు 19వ సెక్షన్ ఉంది, సంతకం పెట్టేముందు ఒకసారి చదవండి. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లు అనే లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, ఆ హక్కు చెల్లదు. ఆ "వేరే విధంగా" అన్నదే ఒప్పందంలో ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెతికి కొట్టేయించండి. శాశ్వతంగా, ప్రపంచమంతటా అని రాసుకొస్తే ఐదేళ్లు, తెలుగు, ఇంగ్లీషు అని తగ్గించమనండి. రూల్స్ ఒక కాగితం మీద, లోకమూ పాత్రలూ ఇంకో కాగితం మీద రాయించుకుంటే ఒకటి పోయినా రెండోది మీ దగ్గరే ఉంటుంది.

ఇక పని మొదలుపెట్టేవాళ్లు మొదటిరోజే మీరు వాడుతున్న ఎస్‌ఆర్‌డీ పీడీఎఫ్‌ని, దాని లైసెన్సు పేజీని తేదీతో సహా దింపుకుని దాచుకోండి. ఎవరైనా అడిగినప్పుడు, మీరు తీసుకున్న రోజున దాని మీద ఏం రాసి ఉందో చూపించడానికి ఆ ఫైలు పనికొస్తుంది.